పెద్దబండికి కొత్త సొగసు

గోదావరి పాయల మధ్య ఒక లంక ఉండేది. అక్కడ మనుషులు లేరు. ఉన్నవాళ్ళంతా నాలుగు కాళ్ళవాళ్ళూ, రెక్కలవాళ్ళూ. మర్యాదకి మాత్రం ఆ లంక పెట్టింది పేరు. ఎవరింటికి వెళ్ళినా "కాస్త గడ్డి తినండి" అంటే, మొదటిసారి "వద్దండి, ఇప్పుడే తిన్నాను" అనాలి. రెండోసారి బతిమాలితేగానీ మూతి పెట్టకూడదు. మొదటి పిలుపుకే తలూపినవాణ్ణి తిండిపోతని ఏడాదంతా చెప్పుకునేవారు.

లంక మొత్తానికి ఒకటే బండి. పెద్దబండి అనేవారు. ఎత్తు చక్రాలు, పొడవాటి తొట్టి, అంతే. వరద వచ్చినప్పుడల్లా అందరూ అందులో ఎక్కితే మైలన్న అనే ఎద్దు పాయ దాటించి గట్టుకి చేర్చేవాడు. తొట్టి అడుగున ముసలి గాడిద దానయ్యని గోనెపట్టా మీద పడుకోబెట్టేవారు. విరిగిన కాలు అతుక్కోక అతను నిలబడలేడు, ఈదలేడు. పాయ దాటుతున్నంతసేపూ వెనకనుంచి "మెల్లిగా మైలన్నా, గుంట ఉంది" అంటూ దారి చెబుతుండేవాడు. ఆ గొంతు వినబడుతుంటే మైలన్నకి బరువు తెలిసేది కాదు.

ఒక వేసవిలో ఆ లంకకి నక్క మేస్త్రి వచ్చాడు. బండి చుట్టూ తిరిగి నాలిక చప్పరించాడు.

"ఇంత పెద్దమనుషులకి ఇంత మొరటు బండా అండీ! టౌన్లో ట్రక్కులన్నీ కొత్త మోడళ్ళయిపోతున్నాయి. ఓనర్లు మీరు. ఏం కావాలో చెప్పండి, అలాగే చేసిస్తాను."

"మరి కూలి?" అంది మేక చిట్టెమ్మ.

"మీ దగ్గర కూలేంటండీ! విప్పేసిన పాత పలకలు ఇప్పించండి చాలు. పొయ్యిలోకి పనికొస్తాయి."

మర్నాడే సభ. వెళ్ళేముందు మైలన్న దానయ్య పాకకి వెళ్ళాడు.

"నేను రాలేను కదయ్యా. నా మాటగా రెండు ముక్కలు చెప్పు," అన్నాడు దానయ్య. "తొట్టి పొడవు తగ్గించొద్దని, చక్రాల ఎత్తు తగ్గించొద్దని."

"చెప్తానులే."

"మర్చిపోవుగా?"

"నిన్ను మర్చిపోతానా దానయ్యా!"

సభలో మేస్త్రి ముందుగా నెమలి నీలాద్రిని అడిగాడు.

"నాకేం వద్దండి," అన్నాడు నీలాద్రి, మర్యాదగా.

"ఆ మాట అనకండి. మీలాంటివారు చెప్పకపోతే బండికి అందమెక్కడిదండీ?"

"ఆయ్, అంతగా అడుగుతున్నారు కాబట్టి... ముందు భాగం ఎత్తుగా ఉండాలి. ఎదురొచ్చినవాడు దడుచుకుని పక్కకి తప్పుకోవాలి. నా పింఛం నలగకుండా ఒక గది ఉంటే చాలు."

చిట్టెమ్మ కూడా ఒకసారి వద్దంది, రెండోసారి బతిమాలించుకుంది. "ఎక్కేటప్పుడు మోకాళ్ళు పీకేస్తున్నాయి మేస్త్రీ. చక్రాలు చిన్నవి చేసి పెడుదూ." కోడి గంగాయమ్మ తన పిల్లలకి మెత్తటి సీట్లు, పైన కప్పు, కిటికీలు అడిగింది. వరద మాట ఎవరి నోటా రాలేదు. ఎండాకాలంలో వరద ఎవరికి గుర్తుంటుంది?

చివరికి మేస్త్రి ఇటు తిరిగాడు. "మైలన్నగారూ, మరి మీకో?"

దానయ్య చెప్పిన రెండు ముక్కలూ నాలిక చివరే ఉన్నాయి. కానీ ఇది మొదటిసారి అడగడం. మైలన్న పుట్టి బుద్ధెరిగాక మొదటి పిలుపుకి ఏనాడూ అవుననలేదు.

"నాకేముందండి, అందరికీ ఏది నచ్చితే అదే," అని, రెండోసారి అడుగుతాడని మెడ కాస్త ముందుకి చాచాడు.

"చూశారా, ఎంత మంచి మనసో!" అంటూ మేస్త్రి గబగబా రంపం తీశాడు. రెండోసారి అడగలేదు. ఆ లంక మర్యాద అతనికి వాళ్ళకంటే బాగా తెలుసు.

అందరూ మైలన్నని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటున్నవాళ్ళ మధ్యలో లేచి "ఆగండి" అనడానికి అతనికి నోరు పెగల్లేదు.

"చెప్పావా?" అన్నాడు దానయ్య, తిరిగొచ్చాక.

"సందు దొరకలేదయ్యా. రేపు చెప్తాను."

రేపటికి పలకలు ఊడిపోయాయి.

కొత్త బండి నిజంగానే కళకళలాడింది. ఎత్తయిన ముఖం, రెండు గదులు, మువ్వలు, ఎర్ర రంగు. వెనక మాత్రం గంప పట్టేంత తొట్టి మిగిలింది. దానయ్యని గోనెపట్టా మీద లాక్కొచ్చి చూపించారు. అతను ముందువైపు చూడనే లేదు. వెనకవైపే చాలాసేపు చూశాడు.

"బాగుందయ్యా," అన్నాడు.

మైలన్న తల దించుకున్నాడు.

శ్రావణంలో గోదావరి పొంగింది. చూస్తుండగానే నీళ్ళు పాకల్లోకి వచ్చేశాయి. అందరూ గదుల్లో సర్దుకుని తలుపులు వేసుకున్నారు. దానయ్యని వెనక ఎక్కించబోతే నడుం దాకా కూడా పట్టలేదు. గది తలుపులో దూర్చబోతే ఇరుక్కుపోయాడు.

"ఆ గది పీకెయ్యండి!" అని మైలన్న అరిచాడు. అంత గట్టిగా అతను అరవడం ఎవరూ ఎప్పుడూ వినలేదు. కొమ్ములతో పొడిచాడు. మేస్త్రి మేకులు మహా గట్టివి, కదల్లేదు. నీళ్ళు చక్రాలు మునిగేదాకా వచ్చాయి. లోపల కోడిపిల్లలు ఏడుస్తున్నాయి.

"వాళ్ళని దింపి వెంటనే వస్తాను. ఉండగలవా?" అన్నాడు మైలన్న.

"ఉంటానులే. గుంటలు చూసుకుని వెళ్ళు," అన్నాడు దానయ్య.

చిన్న చక్రాలు అడుగడుక్కీ బురదలో దిగబడ్డాయి. వెనకనుంచి దారి చెప్పే గొంతు లేదు. గట్టెక్కేసరికి మైలన్న నోట నురగ కారుతోంది. కాడి విదిలించుకుని మళ్ళీ నీళ్ళలోకి దూకాడు. ప్రవాహం గట్టుకేసి విసిరికొట్టింది. మళ్ళీ దూకాడు. మళ్ళీ విసిరికొట్టింది. అవతల దానయ్య పాక కప్పు ఒక్కటే కనబడింది, కాసేపటికి అదీ కనబడలేదు.

అప్పుడే పాయ మధ్యలో ఒక తెప్ప తేలుతూ వచ్చింది. పెద్దబండి పాత పలకలన్నీ పక్కపక్కన కట్టి ఉన్నాయి. దాని మీద నక్క మేస్త్రి కాలు మీద కాలేసుకుని పడుకున్నాడు. పక్కన ఒక గాడిద పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

"పలకలు భలే గట్టివి మైలన్నగారూ!" అని కేకేసి, వాలుకి సాగిపోయాడు.

వాన తగ్గింది. గట్టు మీద ఓనర్లు తడిసిన సీట్లు ఎండబెట్టుకున్నారు. వచ్చే బండికి నీలం రంగు బాగుంటుందా, పసుపా అని మాటల్లో పడ్డారు. చిట్టెమ్మ ఇటు తిరిగి, "ఈసారి నీకేం కావాలి మైలన్నా?" అంది.

"దానయ్య పడుకునేంత చోటు కావాలి," అన్నాడు మైలన్న, మొదటిసారి అడగ్గానే.

పాయ నిండుగా పారుతోంది.

నీతి: బరువు లాగేవాడు మొహమాటపడితే, ఆ మొహమాటం ఖరీదు నోరులేనివాడు చెల్లిస్తాడు.