గవర్రాజు నింపిన సాయంత్రం పూట

పుల్లేరు అడవిలో వైద్య కళాశాల పెట్టినప్పటి నుంచీ ఇంటికో డాక్టరు ఉండాలన్న పిచ్చి పట్టుకుంది అందరికీ. అందులో బాగా ముదిరింది నక్క గవర్రాజు పిచ్చి. కొడుకు ప్రసన్నానికి పసరుకీ బురదకీ తేడా తెలియదు. అయినా వాడి మెడలో అప్పుడే స్టెతస్కోపు వేలాడుతున్నట్టు గవర్రాజు మురిసిపోయేవాడు. ఈ ఏడు ఉన్న సీటు మాత్రం ఒక్కటే.

ప్రిన్సిపాలు ఎలుగుబంటి భద్రయ్య. పరీక్ష రెండు పూటలు, పూటకో పేపరు. ఒకటి తేలికై ఇంకొకటి కష్టమైతే అన్యాయం కదా అని ఆయనొక పద్ధతి పెట్టాడు. ఉత్త మార్కులు చూడరు. తమ పూట సగటు కంటే ఎవరు ఎంత పైన ఉన్నారో అదే చూస్తారు.

మిగతావాళ్లు మార్కులు పెంచుకునే దారి వెతుక్కుంటుంటే గవర్రాజుకి సగటు తగ్గించే దారి కనిపించింది.

"ఒరే ప్రసన్నం, నువ్వు చదవక్కర్లేదు. నీ చుట్టూ కూర్చునేవాళ్లు నీకంటే మొద్దులైతే చాలు."

"నాకంటేనా? దొరుకుతారా నాన్నా?"

"వెతికితే దొరుకుతారులే," అన్నాడు గవర్రాజు. నిజానికి ఆ బెంగ అతనికీ ఉంది.

కోతులూ చిలకలూ కుందేళ్లూ పొద్దుటి పూటకే పేర్లిచ్చాయి. సాయంత్రం ఖాళీగా ఉంది. గవర్రాజు గొర్రెల దొడ్లూ గేదెల మడుగులూ తిరిగాడు. "ఊరికే వచ్చి కూర్చుని లేచిపోండి. తలా ఓ గంప పచ్చగడ్డి పెడతాను," అన్నాడు. పద్దెనిమిది మంది ఒప్పుకున్నారు. పూటకి ఇరవై మంది లేకపోతే పరీక్ష జరపరు. ప్రసన్నంతో కలిపినా ఒకరు తక్కువ.

పేర్లిచ్చే ఆఖరి రోజున, కళాశాల గేటు దగ్గర గాడిద సూరమ్మ మూట మోసుకుంటూ ఎదురైంది. ఆ మూటలో ఏముందని గవర్రాజు అడగలేదు.

"సూరమ్మా, సాయంత్రం పరీక్షకి రాకూడదూ?"

"నాకెందుకు బాబూ పరీక్ష? గాడిదని."

"అందుకే రమ్మంటున్నాను."

సూరమ్మ అతని మొహంలోకి కాసేపు చూసింది. "సరే బాబూ, వస్తాను," అంది.

ఫలితాల రోజున భద్రయ్య కాగితం తీశాడు. పొద్దుటి పేపరు తేలికైంది, అందరికీ అటూ ఇటూగా ఎనభై వచ్చాయి, సగటూ ఎనభయ్యే. అందరికంటే ముందున్న కోతికి ఎనభై ఎనిమిది. అంటే సగటు మీద ఎనిమిది. సాయంత్రం పేపరు బాగా కష్టం. సగటు పదకొండు. ప్రసన్నానికి ముప్పై ఒకటి. సగటు మీద ఇరవై.

గవర్రాజు మీసాలు దువ్వుకుని కొడుకుని "డాక్టరు గారూ" అని పిలిచేశాడు.

"సూరమ్మకి నలభై అయిదు," అన్నాడు భద్రయ్య. "సగటు మీద ముప్పై నాలుగు. సీటు సూరమ్మది."

"గాడిదకి నలభై అయిదేమిటండీ? కాపీ కొట్టి ఉంటుంది."

"ఎవర్ని చూసి?"

గవర్రాజు గొర్రెల వైపు చూశాడు. గేదెల వైపు చూశాడు. కొడుకు వైపు కూడా చూశాడు.

"పదేళ్లుగా మాకు మూలికలు మోసేది ఆవిడే," అన్నాడు భద్రయ్య. "ఏ వేరు ఏ జబ్బుకో నేను పాఠం చెబుతుంటే మూటతోనే నిలబడి వినేది. పరీక్ష రాయమని ఏటా బతిమాలాను, సిగ్గుపడి రాలేదు. మొత్తానికి మీరు ఒప్పించారు."

"అయితే ఈ సగటు గోల తీసేయండి. ఉత్త మార్కులే చూడండి."

"అలాగే చూద్దాం. పొద్దుటి ఇరవై మందీ ముందుంటారు. వాళ్ల వెనక సూరమ్మ. ఆ వెనక మీవాడు. మార్చి రాయమంటారా?"

గవర్రాజు తోక కాళ్ల మధ్య పెట్టుకుని గేటు వైపు నడిచాడు. అక్కడ పద్దెనిమిది మందీ పచ్చగడ్డి కోసం నిలబడి ఉన్నారు. సూరమ్మ దగ్గరికొచ్చింది.

"మీ మేలు మరిచిపోను బాబూ. మీ ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నా దగ్గరికే తీసుకురండి. ఇంకెవరికీ చూపించకండి," అంటూ ప్రసన్నం వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ప్రసన్నం మాత్రం సంబరంగానే ఉన్నాడు. "చూశావా నాన్నా, నాకంటే మొద్దులు పద్దెనిమిది మంది దొరికారు."

పొట్టివాళ్లను పోగుచేసుకుని పొడుగనిపించుకోవాలనుకునేవాడు, ముందు వాళ్లలో ఎవరు వంగి నిలబడ్డారో చూసుకోవాలి.