పంది తుమ్మూ నక్క కునుకూ

మద్దికొండ కింద వాగు ఆ ఏడు ఎండలు ముదరకముందే ఎండిపోయింది. ముసలి కణితి జింక ఒకటి దాహంతో ఇసుకలోనే కూలిపోయింది. దారి చూపడానికి ఒక పెద్ద కావాలని అడవి అనుకుంది. పోటీకి ఇద్దరు నిలబడ్డారు. ఒకటి నక్క, దానిది తీయని మాట. రెండోది అడవిపంది, దానికి మాట కంటే తవ్వకం బాగా వచ్చు. అందరూ పందక్క అంటారు.

ఇద్దరూ వాగు ఒడ్డున సభలో వాదించుకోవాలి. కొండ అవతలివాళ్ళు ఆ ఎండకు రాలేరు గనక వాళ్ళకు కబురు మోసేది కాకి.

మొదటి సభలో నక్క లేచి, "వాగు మన తల్లి. తల్లి ఒడిలో ఉన్న బిడ్డ దాహంతో చావదు. కదలకుండా ఓపిక పట్టండి, వాన అదే వస్తుంది" అంది. తర్వాత పంది మాట్లాడుతున్నంతసేపూ కునుకు తీసింది.

పంది, "ఇసుకలో చెలమ తవ్వుదాం. కింద తడి వాసన తగులుతోంది" అంది. మధ్యలో ఒకసారి తుమ్మింది.

కాకి కొమ్మ మీద ఈకలు సర్దుకుంటూ కూర్చుని, సభ కాగానే కొండ దాటి అవతలివాళ్ళకు చెప్పింది.

"నక్క కళ్ళు మూసుకుని లోతుగా ఆలోచించింది. పంది తుమ్మింది. రోగిష్టిదానికి పెత్తనమా? ముక్కుకు అంటిన మట్టి కూడా తుడుచుకోలేదు."

తిరిగొచ్చి ఆ కబురే చెప్పుకుంటున్న కాకిని, సభలో ఉన్న దుప్పి ఆపింది. "మరి చెలమ మాట చెప్పలేదేం?"

"వినేవాళ్ళకు చెలమ ఎందుకమ్మా? ముక్కు చాలు."

దుప్పి తనే కొండ ఎక్కి అవతలి కుందేలుతో చెప్పింది, "నక్క నిద్రపోయింది, నేను చూశాను."

"నువ్వు ఒక్కదానివే అంటున్నావు వదినా. కాకి కొండంతా చెప్పింది" అంది కుందేలు.

దుప్పి ఆ సంగతి పందికి చెప్పి బాధపడింది. పంది నేల వాసన చూసింది.

"కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఈ కాకికి నక్క ఎందుకు ముద్దయిందో చూద్దాం. ఈసారి ఎంత కష్టమైనా అవతలివాళ్ళను సభకు తీసుకురా."

రెండో సభకు అందరూ కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు. ముందు పంది లేచింది.

"వాగు మన తల్లి. తల్లి ఒడిలో ఉన్న బిడ్డ దాహంతో చావదు. కదలకుండా ఓపిక పట్టండి, వాన అదే వస్తుంది" అని కూర్చుంది.

ఒడ్డువాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కాకి మాత్రం ఆగలేదు.

"విన్నారా? నాలుకలు పిడచకట్టుకుపోతుంటే తల్లి ఒడి కథలు చెబుతోంది. ఇది సోమరి మాట. కాదు, మీ చావు కోరే మాట."

"నిజమేనా నక్కన్నా?" అంది పంది నెమ్మదిగా. "పోయిన సభలో నువ్వన్న మాటలే ఇవి. ఒక్క ముక్క మార్చలేదు. కాకి తీర్పు నీకు సమ్మతమేనా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నక్క తోక చూసుకుంది.

"కాకికి... తెలివి తక్కువ" అంది.

కాకికి ఒళ్ళు మండింది. "నాకా? వీళ్ళు కదలకుండా కూర్చుంటే రోజుకొకటి చచ్చి పడుతుంది, కళ్ళు నీకు, మిగతాది నాకు అని నువ్వే కదా అన్నావు. పోయిన కణితిలోనూ నాకు దక్కింది ఆ కళ్ళే, అయినా నీ కోసం ఇంత అరిచాను."

కుందేలు దుప్పి పక్కకు వచ్చి నిలబడింది. పెద్ద ఎవరని ఎవరూ అడగలేదు. పంది ఇసుకలోకి దిగింది, మిగతావాళ్ళూ దిగారు.

పొద్దు వాలేసరికి చెలమలో నీళ్ళు ఊరాయి. కాకి కొమ్మెక్కి, నక్క సలహా మీదే పంది తవ్విందని చాటింది. తాగేవాళ్ళెవరూ తల ఎత్తలేదు.

ఏమన్నారో వినకుండా ఎవరన్నారో చూసి తీర్పు చెప్పే నోరు, ఏదో ఒకనాడు తనవాణ్ణే కరుస్తుంది.