రాజుగారి కప్పల మంద

గువ్వలదుర్గాన్ని ఏలే మల్లభూపాలుడికి ఆ వానాకాలం ఒక వింత కోరిక పుట్టింది. ఊరి వెలుపల పొలాలలో కప్పల బెకబెకలు మిన్నుముట్టుతుండగా, తన ఉద్యానంలోని చలువరాతి కొలను మూగగా పడి ఉండటం ఆయనకు చిన్నతనమనిపించింది.

"మా కొలనులోనూ కప్పలు పాడవలె" అన్నాడు.

ఉద్యానాధికారి వల్లభయ్యకు అంతకన్న ఏమి కావాలి? తనను మించిన శాస్త్రజ్ఞుడు లేడని ఆయన నమ్మకం. "నీటిలో పుట్టినదానికి యజమాని లేడు. యజమాని లేని సొత్తు రాజుది. కాబట్టి రాజ్యంలోని తోకకప్పలన్నీ ప్రభువులవే" అని చాటింపు వేయించాడు. కాళ్లయినా రాని ఆ కప్పపిల్లలను భటులచేత కుండలకొద్దీ తోడించి, కొలనులో పోయించాడు.

అయినా కొలను నోరు విప్పలేదు. ఇక వల్లభయ్యకు నెపం మోపడానికి ఒకరు కావలసివచ్చింది.

ఓబులమ్మ దొరికింది. ఎండిపోతున్న గుంటలో కొట్టుకులాడుతున్న తోకకప్పలను చట్టిలోకి ఎత్తి, తన వరిమడి కాలువలో విడుస్తుండగా భటులు ఆమెను పట్టుకొచ్చారు.

"రాజుగారి సొత్తును అపహరించింది. దీని మడిచెక్కను జప్తు చేయాలి ప్రభూ" అన్నాడు వల్లభయ్య నిండు సభలో. భర్త పోయిన ఓబులమ్మకు ఆ చెక్క తప్ప వేరే ఆధారం లేదు.

"ఎందుకు తీశావమ్మా?" అని అడిగాడు రాజు.

"కప్పలు లేకపోతే పురుగు నా వరిని బతకనియ్యదు దొరా. అదీగాక గుంట ఇంకిపోతుంటే, చూస్తూ చూస్తూ వాటిని చావనియ్యలేకపోయాను."

"దయ వేరు, ధర్మం వేరు" అన్నాడు వల్లభయ్య మీసం సవరించుకుంటూ.

రాజు పక్కన తాంబూలపు పెట్టె పట్టుకొని నిలబడే అడపకత్తె రంగసానికి ఆ మాట చురుక్కుమన్నది. జాలి చూపమని వేడుకుంటే వల్లభయ్య శ్లోకాలు వల్లించి నోరు మూయిస్తాడు. అతణ్ణి అతని వాదంతోనే కట్టివేయాలని ఆమె నిశ్చయించుకున్నది.

"వల్లభయ్యగారూ, చిన్న సందేహం. ఓబులమ్మ కాలువలో ఉన్నవి కూడా ప్రభువులవేనా?"

"అడపం మోసేదానికి ధర్మశాస్త్రం దేనికే? ప్రభువులవే."

"పక్క మళ్లలో ఉన్నవి?"

"అవీ ప్రభువులవే. తోక ఉన్నా ఊడినా, రాజ్యంలోని కప్పజాతి యావత్తూ ప్రభువుల మందే."

రంగసాని రాజువైపు తిరిగింది. "ప్రభూ, ఒకరి పశువు మరొకరి చేలో పడితే మన కట్టుబాటు ఏమిటి?"

"బందెలదొడ్డిలో పెడతారు. దాని కాపరి వచ్చి, చేను గలవాణ్ణి మన్నించమని అడిగి తోలుకుపోవాలి. మా పశువుకైనా అంతే."

"అయితే ఓబులమ్మ దొంగ కాదు ప్రభూ. తమ మందే ఆమె మడిలో పడింది."

సభలో గుసగుసలు రేగాయి.

"ఆమె మడిలోనే కాదు, వానలు కురిసిన నాటినుంచి రైతులందరి మళ్లలోనూ పడి ఉన్నది. కాపరి వల్లభయ్యగారేమో తీరికగా ఇక్కడ కూర్చున్నారు" అన్నది రంగసాని.

రాజు నవ్వు ఆపుకున్నాడు. "న్యాయమే. వల్లభయ్యా, బయలుదేరు. గడపగడపకూ వెళ్లి మన్నించమని అడిగి, పొద్దుగూకేలోగా మన మందను తోలుకురా."

"తోలుకురావడమా ప్రభూ? అవి గెంతుతాయి గదా."

"గెంతితే నీవూ గెంతు."

"తెచ్చినా ఆ కొలనులో బతకవు ప్రభూ" అని నోరు జారాడు వల్లభయ్య.

రాజు ముఖంలో నవ్వు మాయమైంది. "ముందు తెచ్చినవి ఏమైనాయి?"

వల్లభయ్య తల వంచుకున్నాడు. "కొలను రాతిగోడ నున్నగా ఉంది ప్రభూ. కాళ్లు వచ్చినవి గట్టెక్కలేక మునిగిపోయాయి."

"మా వేడుక కోసం ఇంత పని జరిగిందా?" అన్నాడు రాజు.

రంగసాని మెల్లగా అందుకున్నది. "ప్రభువుల మందను నీట ముంచిన కాపరికి శిక్ష ఏమిటో కూడా వల్లభయ్యగారే సెలవియ్యాలి."

వల్లభయ్య గబగబా రాజు ముందుకు వచ్చాడు. చేతులు జోడించాడు.

"ప్రభూ, కప్పలు మనవి కావు. ఏనాడూ కావు."

"మరి ఓబులమ్మ అపహరించింది ఎవరి సొత్తు?"

"ఎవరి సొత్తూ కాదు ప్రభూ."

సభ గొల్లుమన్నది. వేడుకకోసం తోకకప్పలను తోడరాదనీ, ఎండే గుంటలోనివాటిని దగ్గరి నీటికి చేర్చినవారిని దండించరాదనీ రాజు అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చాడు. మెడలోని ముత్యాలహారం తీసి రంగసానికి బహూకరించాడు.

"కప్పల పాట వినడానికి నేనే మీ గట్టుమీదికి వస్తాను, చోటిస్తావా అమ్మా?" అని ఓబులమ్మను అడిగాడు.

"రండి దొరా. జారుతుంది, చెప్పులు విడిచి రండి" అన్నది ఓబులమ్మ కళ్లు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రమే రాజు గట్టెక్కాడు. కింద మోకాటిలోతు బురదలో, ఆయనకు గొడుగు పడుతూ నడిచినవాడు వల్లభయ్య.