నంబరు లేని ఇల్లు

“ఏ ఇంటి దరఖాస్తూ మా గుమ్మంలో ఆగదు.” కుళాయి నీళ్ల కోసం కొండ ఊళ్ల దరఖాస్తులు తీసుకునే వెబ్‌సైటు పైన ఈ మాట పెద్దక్షరాల్లో రాసినవాడు తిరుపతిరావు. యువజన సంఘం కోసం ఆ వెబ్‌సైటు కట్టినవాడూ అతనే. దళారులు దొంగ పేర్లు ఎక్కిస్తారని అతని మంట. అందుకే ఒకరోజు పాడేరులో కంప్యూటర్ నేర్పే కామేశం మాస్టారి దగ్గరికొచ్చి అడిగాడు:

“ఒక్క తప్పుడు రాత కూడా లోపలికి రాకుండా రెజెక్స్ ఎలా రాయాలి మాస్టారూ?”

రెజెక్స్ అంటే, రాసింది మనం చెప్పిన అచ్చులో ఉందో లేదో చూసే నమూనా. ఇంటి నంబరు గడికి అతను పెట్టిన అచ్చు ఇది: అంకెలు, అడ్డగీత, మళ్లీ అంకెలు.

మాస్టారు, దరఖాస్తు పెట్టించమని వచ్చి బల్ల మీద కూర్చున్న పాంగి చిలకమ్మను పిలిచి, “ఈమెది నువ్వే నింపు,” అన్నాడు.

“ఇంటి నంబరు చెప్పమ్మా.”

“నంబరు నేదు బాబూ. మా ఊల్లో ఎవలికీ నేదు. గొందిమెట్టలో ఆఖరిల్లు, పనసచెట్టు పక్కన.”

అతను అలాగే కొట్టాడు. గడి ఎర్రబడింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ ఎర్రబడింది.

“నంబరు ఉండాలమ్మా. అది రూలు.”

“అయితే నంబరొచ్చేదాకా మాకు దాహం ఎయ్యకూడదా?” అని ఆమె నవ్వింది. ఊటనీళ్ల కోసం రోజూ లోయలోకి దిగే మనిషి నవ్వు అది. తిరుపతిరావు తల వంచుకున్నాడు.

మాస్టారు చెయ్యి చాపి ఆ గడిలో 9-999 అని కొట్టాడు. గడి పచ్చబడింది.

“ఆ ఇల్లెక్కడుంది మాస్టారూ?”

“ఎక్కడా లేదు. నీ నమూనాకి మాత్రం నచ్చింది.”

తిరుపతిరావు చెవులు ఎర్రబడ్డాయి. దోపిడీ నశించాలని అతను గోడల మీద రాశాడు, ఊరేగింపుల్లో అరిచాడు. ఈ గోడ మాత్రం తన చేత్తోనే కట్టాడు. అక్కడే కూర్చుని ఆ నమూనా తీసేశాడు. ఇంటి గుర్తు ఎవరి మాటల్లో వాళ్లు రాసుకునేలా గడి మార్చాడు. నిజమో కాదో సంఘం వాళ్లు ఊరికెళ్లి చూసి రావాలని నియమం పెట్టాడు. పనసచెట్టు పక్కనున్న ఆఖరిల్లు దరఖాస్తులోకి ఎక్కింది. చిలకమ్మ తెర మీద తన ఇంటిని ఒకసారి వేలితో తాకి చూసి, కొండదారి పట్టింది.

“ఇప్పుడు సరిపోయిందా మాస్టారూ?” ఈసారి అతని గొంతులో వేడి లేదు, ఉత్సాహం ఉంది.

“ఈమె మన దాకా వచ్చింది కాబట్టి సరిపోయింది,” అన్నాడు మాస్టారు. “ఎర్రగడి చూసి వెనక్కి తిరిగినవాళ్లు ఎవరెవరో ఊళ్లు తిరిగి కనుక్కుని నాకు చెప్పాలి. దరఖాస్తుల గడువు జూన్ ఇరవై, ఆ లోగా.”