దీపం ముందు ఒట్టి మొహం

దానియేలు మాస్టారు పద్యనాటకాలు నేర్పే గురువు. శిష్యుడేదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. తనకే తెలియదేమోనని ముందు అనుమానపడి, ఆ తర్వాత మరిచిపోయినట్టు ఊరుకునేవారు.

ఒకనాడు శిష్యుడు కోటిలింగం అడిగాడు. "గురువుగారూ, పద్యాలన్నీ నోటికొచ్చు. శ్రుతి తప్పను. మీలాగే చెయ్యి విసురుతాను, మీలాగే కనుబొమలు ఎగరేస్తాను. మరి నేను పాడుతుంటే జనం వేరుసెనక్కాయలు ఒలుచుకుంటారేం?"

మాస్టారు ముక్కు గోక్కున్నారు.

ఆ ముక్కు పక్కన చాలాకాలంగా మానని చిన్న పుండొకటి ఉంది. గుంటూరులో చర్మాల డాక్టరమ్మ హసీనా దాంట్లో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపించి, క్యాన్సరేనని తేల్చింది. పైపైనే ఉంది గనుక వెలుగుతో ప్రయత్నిద్దామంది. దానికి లొంగకపోతే కత్తి తప్పదు. మాస్టారు రాజు వేషానికి పేరుపడ్డ మనిషి. "నాకంటే ముందు స్టేజీ ఎక్కేది ఈ ముక్కేనమ్మా. ఇది పోతే నాకిక భటుడి వేషమే" అన్నారు నవ్వుతూనే. పక్కనున్న కోటిలింగం మాత్రం నవ్వలేదు.

వైద్యం సంగతి ఆమె విడమర్చి చెప్పింది. పుండుకు మందు రాసి, వెలుతురు తగలకుండా కట్టు కట్టాలి. మందు చెడ్డ కణాల్లోకి ఇంకి, చీకట్లో ఊరికే పడి ఉంటుంది. కట్టు విప్పి ఎర్రదీపం వేసినప్పుడే మేలుకుని వాటి పని పడుతుంది.

సమయానికి కట్టు విప్పారు. మాస్టారిని దీపం గదిలో కూర్చోబెట్టి, ఆ వెలుగు కళ్లలో పడకుండా పెట్టే నల్లద్దాలు తేవడానికి నర్సు వెళ్లింది. అంత పెద్ద దీపాన్ని చూసేసరికి కోటిలింగానికి గురుభక్తి పొంగుకొచ్చింది. దీపాల ముందుకు ఒట్టి మొహంతో వెళ్లకూడదన్నది వాళ్ల నాటక సమాజం నియమం. సంచిలోంచి రంగు డబ్బా తీసి, పుండు కనబడకుండా ముక్కంతా మెత్తాడు. మాస్టారు కూడా, అలవాటైన ప్రాణం కదా, బుద్ధిగా గడ్డం ఎత్తి పెట్టారు.

డాక్టరమ్మ వచ్చి చూసి నుదురు కొట్టుకుంది. "ఎవరయ్యా ఈ గోడ కట్టింది? ఇక వెలుగు లోపలికెలా పోతుంది?"

గోడ కట్టిన మేస్త్రి తల దించుకున్నాడు. రంగంతా మెల్లగా కడిగించి దీపం వేశారు. ముక్కు నిప్పంటుకున్నట్టు మండుతుంటే మాస్టారు సన్నగా రాగం తీస్తూ ఓర్చుకున్నారు.

తర్వాత రెండో విడత వైద్యమూ అయింది. కొన్ని నెలలకు మళ్లీ పరీక్ష చేసి, జబ్బు ఆనవాలే లేదని, ఇక గద్దె ఎక్కవచ్చునని డాక్టరమ్మ చెప్పింది. ఆ వారమే తెనాలిలో నాటకం. తెర లేవగానే రాజుగారు, ఆయనకంటే అరడుగు ముందు ఆయన ముక్కూ ప్రవేశించాయి. జనం లేచి నిలబడ్డారు. మొదటి పద్యానికే వన్స్‌మోర్ల మోత.

తెర వెనక కోటిలింగం తన వంతుకు సిద్ధమవుతున్నాడు. గురువుగారి చెయ్యి విసురు, గురువుగారి కనుబొమల ఎత్తు, ఒక్కొక్కటీ అద్దంలో చూసుకుంటూ తగిలించుకుంటున్నాడు. మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చి, ఆ తువ్వాలు అతని చేతిలో పెట్టారు.

"జనం వేరుసెనక్కాయలు ఒలుచుకుంటారేమని ఆనాడు అడిగావు కదరా. మందు నీ లోపలే ఉంది. దీపాలు ఎలాగూ స్టేజీవాళ్లే వేస్తారు. మధ్యలో ఏం మెత్తావో చూసుకో."