అంగారకుడి మీద ఫోటో స్టూడియో

కొండమూరులో బుర్ర ఉన్న ఇల్లు ఒక్కటేననీ, అది తమదేననీ ఫోటోల ఏకాంబరానికి గట్టి నమ్మకం. ఇంట్లో ఉన్నది ముగ్గురు: తను, తమ్ముడు గంగులు, భార్య మాణిక్యం. ఇంటి తెలివిని నాలుగు పాళ్ళు చేస్తే రెండు పాళ్ళు తనవి, మిగిలినవి వాళ్ళిద్దరికీ చెరొకటి అని ఎప్పుడో లెక్క తేల్చేశాడు. వాళ్ళూ ఒప్పుకున్నారు. అంత తెలివైన లెక్కని కాదనడానికి వాళ్ళేమైనా తెలివితక్కువ వాళ్ళా?

అలాంటి ఇంటికి ఓ కష్టం వచ్చిపడింది. ఏటా ఊరి హైస్కూలు గ్రూప్ ఫోటో తీసేది ఏకాంబరమే. ఆరు నెలలు వాళ్ళ పొయ్యి వెలిగేది దానితోనే. కానీ పోయినేడు తీసిన ఫోటోలో ఆరువందల నలభై మంది పిల్లలకి రెండువందల పన్నెండు మంది కళ్ళు మూసేశారు. అంటే ముగ్గురిలో ఒకరు కునుకు తీస్తున్నట్టే. ముందు వరసలో డ్రిల్లు మాస్టారు కూడా. ఈసారి పని పక్కూరి స్టూడియోకి ఇద్దామా అని హెడ్‌మిస్ట్రెస్ మెహరున్నీసా గారు ఆలోచనలో పడ్డారు.

ఆవిడే ఓ రోజు పెన్‌డ్రైవ్ పట్టుకుని వచ్చారు. అంగారక గ్రహం మీద తిరుగుతున్న రోబోలు తీసిన ఫోటోలు ఏడు అందులో ఉన్నాయి. గురువారం సైన్సు ప్రదర్శన. మూడడుగుల ప్రింట్లు వేసి హాల్లో అమర్చాలి.

“అక్కడ ఎలా ఉందో అలాగే ఉండాలి ఏకాంబరం గారూ. ఏమీ తీసెయ్యొద్దు, ఏమీ కలపొద్దు. పిల్లలకి తామే అక్కడ నిలబడ్డట్టుండాలి. ఈ పని బాగా చేస్తే గ్రూప్ ఫోటో సంగతి మాట్లాడుకుందాం” అన్నారు. గంగులు ఆ మాటల్ని ఒక్క అక్షరం పోకుండా పుస్తకంలో రాసుకున్నాడు.

ఆవిడ వెళ్ళగానే ముగ్గురూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఎర్రటి నేల, రాళ్ళు, దూరంగా ఓ గుట్ట. అచ్చం తన పుట్టింటి వెనక కంకర క్వారీలాగే ఉందనీ, లారీలు లేవంతేననీ మాణిక్యం తేల్చింది. ఒకదాంట్లో రోబో నీడ నేల మీద పడింది. ఏకాంబరం నవ్వుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో తన నీడ ఏ పెళ్ళికొడుకు మీదా పడలేదు.

నాలుగో ఫోటో చూసేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. ఆరు చక్రాలతో, పొడుగాటి మెడతో రోబోయే అందులో నిలబడి ఉంది. తన ఫోటో తనే తీసుకుందని గంగులు అన్నాడు. మరి చెయ్యేదిరా అన్నాడు ఏకాంబరం. జాతరలో కుర్రాళ్ళు తమ ఫోటో తాము తీసుకుంటే సగం ఫోటో చెయ్యే ఉంటుంది. ఇందులో చెయ్యి లేదు. అంటే ఎదురుగా నిలబడి ఎవరో తీశారు. ఇంకేముంది, అంగారకుడి మీద ఇంకో స్టూడియో ఉందని తేలిపోయింది.

గంగులు గబగబా లెక్క కట్టాడు. దూరం ఇరవై రెండు కోట్ల కిలోమీటర్లు. ఫోటో సెకనుకి మూడు లక్షల కిలోమీటర్ల చొప్పున వస్తుంది. పన్నెండు నిమిషాల పదమూడు సెకన్లలో ఇక్కడ ఉంటుంది.

“వీధి చివర వాళ్ళకే మనం ఎల్లుండి రండి అంటాం కదన్నయ్యా” అన్నాడు.

ఏకాంబరం కంగారుగా లేచాడు. భూతద్దం తీసుకుని ఏడు ఫోటోలూ మూల మూలా గాలించాడు. చివరికి నీరసంగా కుర్చీలో వాలిపోయాడు. ఏడింటిలో ఒక్కరంటే ఒక్కరు కళ్ళు మూయలేదు. మేడమ్ గారు గ్రూప్ ఫోటో వాళ్ళకిచ్చేస్తే ఇంటిల్లిపాదీ ఏం తినాలి?

అంతే, మూడడుగుల ప్రింట్లు వేసి పనిలోకి దిగారు. అక్కడ ఎలా ఉందో అలాగే ఉండాలన్నారుగా. అక్కడ సున్నాకి కింద అరవై డిగ్రీల చలి అని గంగులు ఎక్కడో చదివాడు. మాణిక్యం ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె, కొత్తిమీర, సగం సొరకాయ బయట పెట్టేసి, ఏడు ప్రింట్లూ చుట్టి లోపల పెట్టింది. ఓ పూటయ్యాక తీస్తే అన్నీ చెమ్మగిల్లి నీళ్ళు కారుతున్నాయి. పాపం జలుబు చేసిందని ఆవిడ కనిపెట్టేసింది. జలుబుకేం చేస్తారు? దుప్పటి కప్పి, వేణ్ణీళ్ళలో పసుపేసి, ఒక్కోదానికీ పావుగంట చొప్పున ఆవిరి పట్టింది. గంటా నలభై అయిదు నిమిషాల తర్వాత ఏడూ అప్పడాల్లా వంకర్లు తిరిగి లేచాయి.

గురువారం హాల్లో గోడకి తగిలించబోతే నిలవవు. అప్పుడు ఏకాంబరానికి తన రెండు పాళ్ళ తెలివీ ఒక్కసారే పనిచేసింది. పిల్లలు అక్కడ నిలబడ్డట్టుండాలి కదా, గోడ మీద పిల్లలెలా నిలబడతారు? బల్లులు నిలబడాలి. ఇంకేముంది, ఏడు ప్రింట్లూ నేల మీద పరిచేశారు. పిల్లలు ఎక్కి నిలబడితే వంకర్లు కూడా పోతాయి.

ఏమీ కలపొద్దన్నారని గంగులు గుమ్మంలో బకెట్ పెట్టాడు. కొండమూరు మట్టి అంగారకుడి మట్టిలో కలవకుండా ప్రతివాడూ కాళ్ళు కడుక్కుని లోపలికి పోవాల్సిందే. తడి కాళ్ళు ఇంకు మీద పడ్డాయి. అంగారకుడు అరికాళ్ళకి అంటుకున్నాడు. ఏమీ తీసెయ్యొద్దన్నారు కాబట్టి బయటికొచ్చే వాళ్ళని ఏకాంబరం ఆపి, కాళ్ళు మళ్ళీ ప్రింటుకే రుద్దించాడు. ఆయన కన్నుగప్పి పోయిన వాళ్ళు వరండా పొడుగునా ఎర్రటి అడుగులు వేసుకుంటూ పోయారు.

ఆ అడుగుల వెంటే మెహరున్నీసా గారు వచ్చారు. గుమ్మంలో నిలబడి లోపలికి చూశారు. తిట్టబోయి ఆగారు. పిల్లలు మోకాళ్ళ మీద పాకుతూ చక్రాల జాడలు వెతుకుతున్నారు. గుట్ట ఎంత ఎత్తుంటుందని ఇద్దరు ఆడపిల్లలు పోట్లాడుకుంటున్నారు. ఏటా ఆరువందల నలభై మందీ నలభై నిమిషాల్లో ప్రదర్శన దాటేసేవారు, మనిషికి నాలుగు సెకన్లు కూడా ఉండేది కాదు. ఇవాళ గంటయినా మొదటి అరవై మందిలో సగానికి పైగా కదలడం లేదు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, రేపు పదింటికి గ్రూప్ ఫోటోకి రమ్మన్నారు. ఒక్క కన్ను మూతపడినా మళ్ళీ మీ స్టూడియో గడప తొక్కనని కూడా చెప్పారు.

శుక్రవారం పదింటికల్లా తలలు దువ్వుకున్న పిల్లలు బెంచీల మీద వరసలు కట్టారు. ఏకాంబరం కాలర్లు సర్దాడు, గడ్డాలు కాస్త దించమన్నాడు, డ్రిల్లు మాస్టారిని మధ్యలో కూర్చోబెట్టాడు. కెమెరాలోంచి తృప్తిగా చూశాడు. పోయినేడు చేసిన తప్పేమిటో ఇప్పుడు తెలిసింది. అంగారకుడి వాళ్ళ కిటుకు కూడా తెలిసింది. అందరినీ చప్పుడు చెయ్యకుండా క్లాసులకి వెళ్ళిపొమ్మన్నాడు. మాస్టారిని కూడా. ఆఖరివాడు క్లాసు తలుపు దాటాక బటన్ నొక్కాడు.

సరిగ్గా పన్నెండు నిమిషాలకి, అంటే అంగారకుడి కన్నా పదమూడు సెకన్ల ముందే, ప్రింటు మేడమ్ గారి బల్ల మీద ఉంది. ఆవిడ చాలాసేపు చూశారు. ఖాళీ బెంచీలు. ఎవరో మరిచిపోయిన నీళ్ళ సీసా.

ఏకాంబరం వినయంగా భూతద్దం అందించాడు.

“వెతుక్కోండి మేడమ్ గారూ. ఆరువందల నలభై మందిలో ఒక్కరు కళ్ళు మూసుకుని ఉంటే నాకు చూపించండి.”