సేతురాజు పెట్టిన జాతి పరీక్ష

మీలో ఎవరు నవ్వారో నాకు తెలుసు. ఆడుకుందామని వచ్చిన పిల్లను నిలబెట్టి, మీది ఏ ఊరు, మీ తాత ఎవరు, మీరు ఎవరింటి వాళ్లు అని ఆరా తీసి, చివరికి ఆటలో చేర్చుకోకుండానే పంపేశారు. చాలా గొప్ప పని చేశారు. ఇప్పుడు ఆ నవ్వు మూతిలోనే దాచుకుని, కాళ్లు మడుచుకుని కూర్చోండి. చెవులు మాత్రం మడవకండి.

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేమీ కాదు. ఒక అడవిలో, ఎర్రరాళ్ల గుట్ట మీద పందెం కోళ్ల గుంపు ఒకటి కాపురం ఉండేది. కాళ్లకు కత్తులు కట్టే మనుషుల దగ్గర్నుంచి వాటి ముత్తాతలు తప్పించుకుని ఆ గుట్ట ఎక్కారు. అక్కడ కత్తీ లేదు, పందెమూ లేదు. హాయిగా బతకవచ్చు. కానీ హాయిగా ఉంటే కొందరికి తోచదు.

ఆ గుంపుకు పెద్ద సేతురాజు. ఒళ్లంతా తెల్లగా ఉండే పుంజును సేతువ అంటారు కదా, అందుకని ఆ పేరు. చిలక ముక్కు, వెదురుగడలా నిటారైన మెడ. పొద్దున్నే కూత వేయగానే నీటిగుంట దగ్గరికి వెళ్లి తన నీడ చూసుకునేవాడు. కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి, రెండూ నచ్చితే ఎదురుగా ఇంకోసారి.

ఆ ఏడు అతనికి ఒక దిగులు పట్టుకుంది. గుంపులో ఒక పడుచు పుంజుకు తలమీది తురాయి అణిగి ఉండాల్సింది పోయి, రంపం పళ్లలా నిక్కబొడుచుకుని లేచింది. జాతి ఎక్కడో కలగాపులగం అయిందని సేతురాజు నిద్ర మానేశాడు. పక్క గుట్ట కోళ్లు చూస్తే ఏమనుకుంటాయి? అందుకని గుట్ట మీద జాతి పరీక్ష పెట్టాడు. నెగ్గినవాళ్లు ఉండవచ్చు. తప్పినవాళ్లు గుట్ట దిగాలి.

పరీక్షలో చూసేవి మూడు. తురాయి మూడు వరసల గింజలు అద్దినట్టు తలకు అంటుకుని ఉండాలి. కన్ను ముత్యంలా తెల్లగా ఉండాలి. ఈకలు కురచగా, బిరుసుగా ఉండి, రొమ్ము ఎముక దగ్గర ఎర్రని తోలు బయటికి కనబడాలి.

మొదట పరీక్షకని ఎంచిన పలకరాయి ఎక్కింది అతని బావమరిది. కన్ను పసుపుపచ్చగా ఉంది. ఎండ పడి అలా కనబడుతోందిలే అన్నాడు సేతురాజు. నెగ్గాడు. తరవాత ఆ రంపం తురాయి పుంజు ఎక్కాడు. వాడి తల్లి నోరు చాలా గట్టిది, పక్కనే నిలబడి ఉంది. ఎదిగేకొద్దీ అణుగుతుందిలే అన్నాడు సేతురాజు. వాడూ నెగ్గాడు.

తరవాతి వంతు బూరుగమ్మది. ఆమె ముత్తాతల్లో ఎవరో అడవి కోడి. పగిలిన బూరుగు కాయలా ఒళ్లంతా మెత్తని ఈకలు. ఏటా గుట్ట మీది గుడ్లన్నీ పొదిగేది ఆమె. పిల్లలు కాళ్ల మీద నిలబడగానే ఎవరి పిల్లల్ని వాళ్లకు అప్పగించేది.

"బావగారూ, నన్ను కూడా రాయి ఎక్కిస్తారా? నేను జాతి కోడినని ఏనాడైనా అన్నానా?" అంది బూరుగమ్మ.

"అనకపోయినా మా మధ్యే తిరుగుతున్నావు గదమ్మా. చూసేవాళ్లు నిన్ను చూసి మమ్మల్ని అంచనా కడతారు."

ఆమె తురాయి పక్కకు వాలి ఉంది. కన్ను ఎర్రగా ఉంది. ఇక తోలు చూద్దామని సేతురాజు ఆమె రొమ్ము ఈకల్లోకి ముక్కు పెట్టాడు. ముక్కు మునిగింది, ముఖం మునిగింది, కళ్లు కూడా మునిగాయి. తోలు దొరకలేదు. బయటికి వచ్చి మూడుసార్లు తుమ్మి, గుట్ట దిగమని తీర్పు చెప్పాడు.

అతని భార్య పింగళమ్మ అంతవరకూ ఊరుకుంది. ఆమె అప్పటికే అయిదు గుడ్లు పెట్టింది. అంతకుముందు రెండేళ్లూ పుట్టిన పిల్లల్ని బావురుపిల్లి ఎత్తుకుపోయింది. మొగుడూ పెళ్లాలిద్దరికీ వయసు మళ్లింది. ఆ అయిదు గుడ్లే వాళ్ల వంశం.

"ఏమండీ, మిమ్మల్ని పొదిగింది ఈ బూరుగమ్మ వాళ్లమ్మే కదా" అని నెమ్మదిగా గుర్తుచేసింది.

"గుడ్డు మాది. వెచ్చదనం ఒక్కటే వాళ్లది" అన్నాడు సేతురాజు.

"ఆ వెచ్చదనం రేపటి నుంచి మీరిస్తారా మరి?"

సేతురాజు మెడ ఇంకాస్త నిటారుగా లేచింది.

బూరుగమ్మ తగవు పెట్టుకోలేదు. వానలు ముంచుకొస్తున్నాయి, గుడ్లు జాగ్రత్త అని పింగళమ్మతో చెప్పి, వెదురు పొదల వైపు వెళ్లిపోయింది.

వానలు రానే వచ్చాయి. పింగళమ్మ గుడ్ల మీద కూర్చుంది. అచ్చమైన జాతి పెట్ట గదా, బండరాయంత బరువు. కూర్చున్న పూటే రెండు గుడ్లు చిట్లాయి. పోనీ ఒళ్లు కాస్త పైకెత్తి కూర్చుందామంటే, కురచ ఈకల సందుల్లోంచి చలిగాలి దూరింది. గుడ్లు చల్లబడసాగాయి.

సేతురాజు ఆలోచించి, మిగిలిన మూడింటినీ రాతి పక్కన వెచ్చని ఇసుకలో పూడ్పించాడు. పొద్దు వాలేలోగా కుండపోతగా వాన పడింది. ఇసుకతో పాటు ఒక గుడ్డు కొట్టుకుపోయింది.

"ఇక మీరే కూర్చోండి" అంది పింగళమ్మ. ఆమె గొంతులో కోపం కూడా మిగల్లేదు.

గుట్ట పెద్దే వెళ్లి గుడ్ల మీద కూర్చున్నాడు. బావమరిది మర్యాదస్తుడు, నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. సేతురాజు పొడవాటి కాళ్లు ఎలా మడిచినా మడత పడలేదు. ఒకటి మడిస్తే రెండోది బయటికి వచ్చేది. రెండోది లోపలికి లాక్కోబోతే మడమ ముల్లు తగిలి ఇంకో గుడ్డు పగిలింది.

ఒక్కటే మిగిలింది.

సేతురాజు ఆ గుడ్డును ముక్కుతో మెల్లగా దొర్లించుకుంటూ గుట్ట దిగాడు. తడి గడ్డిలో, బురదలో, మెడ నేలదాకా వంచి నడిచాడు. ఆ పూట అతన్ని ఎవరు చూశారో అతను చూసుకోలేదు.

వెదురు పొదలో బూరుగమ్మ అడవి కోళ్ల గుడ్లు నాలుగు పొదుగుతోంది. అతన్ని చూసి ఆశ్చర్యపోయింది.

"లేవలేను బావగారూ. నేను లేస్తే వీటి ప్రాణం పోతుంది."

"నిన్ను లేవమనను, గుట్టకు రమ్మనీ అనను. ఆ మాట అనే మొహం నాకు లేదు. ఇదొక్కటే మిగిలిందమ్మా. చోటుంటే పెట్టుకో."

బూరుగమ్మ రెక్క ఎత్తింది. గుడ్డు ఆ ఈకల్లోకి వెళ్లిపోయింది.

"బతికుందంటావా?" అని అడిగాడు.

"చల్లగా ఉంది. చెప్పలేను. ఒకటే మాట బావగారూ. మీరు ఇక్కడికి వచ్చిపోతుంటే బావురుపిల్లికి జాడ తెలుస్తుంది. పిల్లకు రెక్కలు వచ్చేదాకా ఇటు రాకండి."

అతను తల ఊపి వెళ్లాడు. జాతి పరీక్ష మళ్లీ జరగలేదు. పింగళమ్మ రోజులు లెక్కపెట్టింది, అతను వింటూ కూర్చున్నాడు. నీటిగుంట వైపు మాత్రం వెళ్లలేదు.

అడవి కోళ్ల పిల్లలు నాలుగూ ముందు వచ్చాయి. అవి కాళ్ల చుట్టూ తిరుగుతూ అరుస్తున్నా బూరుగమ్మ ఇంకో వారం కదలకుండా కూర్చుంది. చివరికి అయిదో గుడ్డు కూడా చిట్లింది. తెల్లని పుంజుపిల్ల. చిలక ముక్కు.

రెక్కలు వచ్చాయని కబురు అందగానే సేతురాజు, పింగళమ్మ పరుగున వెళ్లారు. కొడుకును చూసిన సంతోషంలో సేతురాజు నిలువెత్తున లేచి, గొంతు నిండా కూత వేశాడు. పిల్ల బెదిరిపోయి బూరుగమ్మ రెక్క కింద దూరింది. "అమ్మా, ఎవరాయన?" అని లోపలి నుంచి అడిగింది.

మీ నాన్నగారురా, పక్కన మీ అమ్మగారు అని బూరుగమ్మ చెప్పింది. వెళ్లమని బతిమాలింది, కసిరింది, ముక్కుతో నెట్టింది. పిల్ల నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, తనతో పాటు ఒకే రెక్క కింద పుట్టిన నలుగురి మధ్యకు పరుగెత్తుకు వెళ్లి నిలబడింది. వాళ్లతోనే పెరిగింది. వాళ్ల మేతే మేసింది, వాళ్ల నడకే నేర్చింది.

ఆ తరవాత సేతురాజు రోజూ పొద్దున్నే గుట్ట అంచుకు వచ్చి వెదురు పొదల వైపు కూత వేసేవాడు. కొడుకు మంచివాడు, బదులు పలికేవాడు. కానీ ఆ పలికేది అడవి కోడి కూత. అందులో ఏది తన కొడుకు గొంతో, ఏది పరాయి పుంజు గొంతో, చనిపోయేదాకా సేతురాజు పోల్చుకోలేకపోయాడు.

నీతి: పుట్టుక చూసి ఒకరిని గడప దాటించినవాడు, వాళ్లు చేసే మేలును కూడా గడప దాటిస్తాడు.